అష్టమి నాటి సముద్రం

మునిశేఖర్ సారుకు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా సముద్రం అంటే కేలండర్ మీది బొమ్మే. పుట్టింది చిత్తూరు పక్కన మెట్టపల్లె. చదివింది జంతుశాస్త్రం. చెప్పేది కప్పలూ వానపాములూ. అలాంటి మనిషి చంద్రగిరి దగ్గర ఓ చిన్న డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరుగా చేరి, పిల్లల్ని సముద్రశాస్త్రం ఉద్యోగాలకు తయారు చేస్తానని కూర్చుంటే స్టాఫ్‌రూములో నవ్వకుండా ఎవరుంటారు చెప్పండి!

"ఏమప్పా మునిశేఖరా, మన స్వర్ణముఖిలోనే నీళ్లు లేవు. నువ్వు సముద్రం నేర్పిస్తావా?" అని లెక్కల సారు రామచంద్ర రోజుకో చురక అంటించేవాడు.

"నీళ్లు లేని ఊరోళ్లకే కదన్నా నీళ్ల మీద ఆశ ఎక్కువుండేది," అని ఈయన నవ్వేసేవాడు.

సంగతేమిటంటే, చెన్నైలో ఒక సముద్ర పరిశోధన సంస్థ ఉంది. చిన్న కాలేజీల నుంచి ఏటా కొందరు పిల్లల్ని తీసుకుని, ఆరు నెలలు భోజనం పెట్టి, పడవలెక్కించి పని నేర్పిస్తుంది. నేర్చుకున్నవాళ్లకు తీరం వెంబడి ఉన్న కేంద్రాల్లో కొలువు దొరుకుతుంది. షరతు ఒక్కటే. పిల్లలు ఒక ఏడాదిపాటు ఒకే చోట సముద్రపు నీటి మట్టం, ఉప్పదనం, వేడి స్వయంగా కొలిచి పంపాలి. ఆ సంస్థ కాగితం చూసిన రోజు నుంచీ మునిశేఖర్ సారుకు అదే ధ్యాస. ఆ ధ్యాసకు ఒక ముఖం కూడా ఉంది. నాగవేణి.

నాగవేణిది చంద్రగిరే. తల్లీతండ్రీ బెంగుళూరులో కట్టడం పనులకు పోతే, పూలు కట్టి అమ్మే అవ్వ పంకజాక్షి దగ్గర పెరిగింది. ఆ పిల్ల చూపు చూపు కాదు, త్రాసు ముల్లు. ల్యాబులో అందరూ పదిహేడంటే, "పదిహేడుకి ఒక గీత తక్కువ సార్," అనేది. పోయి చూస్తే ఒక గీత తక్కువే ఉండేది. డిగ్రీ అయిపోతే తడ దగ్గర ఫోన్ల కంపెనీలో చేర్చాలని ఇంట్లో ముందే అనుకున్నారు. ఈ సీటు వస్తే సముద్రం, రాకపోతే ఫోన్లు. మధ్యలో ఇంకో దారి లేదు.

నలుగురు ఆడపిల్లలు జట్టయ్యారు. తూపిలిపాలెం తీరం ఖాయం చేసుకున్నారు. తెల్లారి రైల్లో గూడూరు, అక్కణ్ణుంచి బస్సులో వాకాడు, అక్కణ్ణుంచి ఆటో. గంటకొకసారి కొలిచి, పొద్దుగూకేలోపు తిరుగు ప్రయాణం. నెలకొక ఆదివారం వెళ్దామన్నాడు సారు. అక్కడే పంకజాక్షి అడ్డం తగిలింది.

"ఆదివారమా? ఒట్టి రోజుల్లో సముద్రాన్ని ముట్టేదా ఎవరన్నా! అమాసకో పున్నానికో అయితే పంపుతా సార్. ఆ పొద్దు పుణ్యం కూడా వస్తాది."

తక్కిన ఇళ్లలో కూడా ఇదే మాట. జట్టులోని ఎస్తేరు వాళ్ల నాయన పాల్‌కు ఇలాంటి పట్టింపులేమీ లేవు. కానీ, "నలుగురూ పోయినప్పుడే మా పిల్ల, ఒక్కదాన్నే పంపను," అన్నాడు. సరే, నెలకు ఒక రోజే కదా, ఏ రోజైతే ఏమిటి అనుకున్నాడు మునిశేఖర్. ఆయన పెరిగింది కూడా ఆ మాటలు వింటూనే. అందుకే ఆ షరతు ఆయనకు షరతులా అనిపించనే లేదు.

పన్నెండు నెలలు, పన్నెండు ప్రయాణాలు. పంకజాక్షి ప్రతిసారీ నలుగురికీ పులిహోర పొట్లాలు కట్టిచ్చేది. నాగవేణి ముందు సముద్రానికి దండం పెట్టుకుని, తలమీద మూడు దోసిళ్లు చల్లుకుని, ఆ తర్వాతే రంగు గీతల గడకర్ర దగ్గరికి పోయేది. ఏడాది తిరిగేసరికి అచ్చు వేసినట్టున్న నోటుబుక్కు తయారైంది. సారు దాన్ని స్కాన్ చేయించి పంపాడు.

పది రోజులకు ఫోనొచ్చింది. సంస్థలో పనిచేసే మేడమ్, తెలుగావిడే.

"మీ పిల్లల పని చాలా శుభ్రంగా ఉందండీ. ముఖ్యంగా ఆ నాగవేణి. కానీ ఒక్క సందేహం. పన్నెండు రోజులూ అమావాస్యో పౌర్ణమో ఎందుకయ్యాయి? మిగతా రోజుల్లో మీ ఊరి సముద్రానికి సెలవా?"

మునిశేఖర్‌కు అప్పుడు వెలిగింది. అమావాస్యకూ పౌర్ణమికీ పెద్ద పోట్లు వస్తాయి. నడుమ అష్టమి ప్రాంతంలో చిన్న పోట్లు వస్తాయి. ఇది ఇంటర్ పిల్లలు కూడా రాసే రెండు మార్కుల జవాబు. తనే బోర్డు మీద సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ గీసి చెప్పిన పాఠం. సముద్రం బాగా ఎగిసే రోజుల్నే ఏరి ఏరి కొలిచి, ఏడాదంతా సముద్రం ఇంతే అని రాసి పంపాడు!

మేడమ్ మంచిదే. కాలేజీకి ఒక్క సీటే మిగిలింది, చిన్న పోటు రోజున ఒక్కసారి కొలిచి ఈ నెలాఖరులోగా పంపితే నాగవేణి పేరు పరిశీలిస్తామంది. ఆ విద్యార్థే స్వయంగా కొలవాలి, సంతకం చేయాలి. సారు పంచాంగం తీశాడు. మిగిలింది ఒక్కటే అవకాశం. శనివారం అష్టమి, ఆదివారం నవమి.

పంకజాక్షి పూలు కడుతూ అంతా విన్నది. చేతులు మాత్రం ఆగలేదు.

"ఒట్టి రోజు. అదీ అష్టమి. ఆడపిల్లను పయనం కట్టించి సముద్రంలో దించేదా? పన్నెండు తూర్లు పంపినా కదా సార్, ఎప్పుడన్నా అడ్డం చెప్పినానా?"

"లేదవ్వా. ఇది చదువు పని..."

"పోయినేడు నువ్వు కొత్త బండి కొన్నావే! షోరూమోళ్లు రమ్మంటే, అష్టమి నవమి అని రెండు దినాలు ఆపుకున్లేదా? మీ ఇంటామె మోహన ఈడికే వచ్చి బండికి పూలు తీసకపాయె. నీ ఇనప బండికి ఉండే భయం నా మనవరాలికి ఉండకూడదా?"

సారు వాకిట్లో ఆపిన బండి వైపు చూశాడు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తను నమ్మని మాటైతే ఎదిరించేవాడే. ఇది తను కూడా పాటిస్తున్న మాట.

సారు బయల్దేరితే, గడపలో నిలబడ్డ నాగవేణి వాకిలి దాకా వెంట వచ్చింది. "అవ్వకు చెప్పకుండా వస్తా సార్. కాలేజీకని చెప్తా."

"వద్దమ్మా. రేపు నీకేదన్నా అయితే ఆమెకు నేనేం చెప్పేది?"

"అయితే మీరే పోయి కొలవండి. నా పేరు రాసేయండి. ఎవురికి తెలస్తాది?"

ఆయన బండి తీశాడు.

శనివారం ఒక్కడే వెళ్లాడు. అమావాస్యనాడు జనంతో కిటకిటలాడే తీరంలో ఆరోజు వలలు బాగుచేసుకునే ఇద్దరు ముసలాళ్లున్నారు, అంతే. గడకర్ర పాతి, ప్యాంటు మడిచి, గంట గంటకూ నీటి మట్టం చదివాడు. పున్నమికి నడుముదాకా ఎక్కే నీళ్లు ఆరోజు మూరెడు కూడా ఎక్కలేదు. పన్నెండు నెలలు వచ్చి కూడా ఈ సముద్రాన్ని ఒక్కసారీ చూడలేదే అనిపించింది. సాయంత్రం ఇసుకలో కూర్చుని కాగితం తీశాడు. "కొలిచినవారు" అన్న గడి దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. చూడనిది చూసినట్టు రాయకండర్రా అని ఏడాదిగా ఆ పిల్లల చెవుల్లో పోరు పెట్టింది తనే. చివరికి తన పేరే రాశాడు. పిల్ల ఎందుకు రాలేకపోయిందో కింద నాలుగు లైన్లు రాశాడు. రాసినంతసేపూ ఆ పిల్ల సీటును తన చేత్తోనే కొట్టేస్తున్నట్టుంది.

డిగ్రీ ఆఖరి పరీక్షలయ్యాక సంస్థ నుంచి జవాబు మర్యాదగానే వచ్చింది. కొలతలకు ధన్యవాదాలు, నియమం ప్రకారం ఈ ఏడాది నాగవేణి పేరు తీసుకోలేము, పట్టా అందుకున్నవాళ్లకు మళ్లీ అవకాశం లేదు.

ఆ సంగతి చెప్పడానికి సోమవారం పొద్దున్నే వెళ్లాడు. వీధి చివర ఫోన్ల కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంది నాగవేణి, మెడలో కొత్త గుర్తింపు కార్డు వేసుకుని. జవాబు ఆయన ముఖంలోనే చదివేసుకుంది.

"పోటు ఎంత ఎక్కింది సార్ ఆ పొద్దు?" అనడిగింది.

ఆయన జేబులోంచి కాగితం తీసిచ్చాడు. ఆ పిల్ల వేలు పెట్టి వరసగా కిందికి చదువుతూ నాలుగో అంకె దగ్గర ఆగింది.

"ఇది తప్పు సార్. ముందు గంటకీ ఎనక గంటకీ నడుమ ఇంత దూకదు. అల ఎక్కినప్పుడు చదివేసినారు మీరు. అల దిగి నీళ్లు నిలిచేదాకా ఆగల్ల."

"ఆగలేదమ్మా," అన్నాడు మునిశేఖర్.

బస్సొచ్చింది. నాగవేణి కాగితాన్ని మడత నలగకుండా ఆయన చేతిలో పెట్టి, ఎక్కి, కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా లోపలి వైపే కూర్చుంది.