బేకరీ గోడ మీద ఆరు ఇన్వర్టర్లు

వీధిలో అందరూ ఆమెను దర్జీ అక్క అనేవారు. కుట్టుమిషను మూలన పడి చాన్నాళ్లయినా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఎలక్ట్రీషియన్ అయిన మొగుడు నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, ఒప్పుకున్న పనులు ఆగకూడదని ఆమే స్క్రూడ్రైవరు పట్టుకుంది. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పడం, ఆమె చెయ్యడం. కాలు అతుక్కున్నాక కూడా ఆమె మళ్లీ మిషను ముఖం చూడలేదు. పనులకు ఇద్దరూ కలిసే వెళ్లేవారు, దారి పొడుగునా వాదించుకుంటూ.

బేకరీ పనీ వాదనతోనే మొదలైంది. అక్కడ పిండి కలిపే యంత్రానికి మూడు ఫేజులూ కావాలి. కరెంటు పోయినా అది ఆగకూడదని బేకరీ అతను ఫేజుకు రెండేసి చొప్పున ఆరు ఇన్వర్టర్లు కొన్నాడు. వాటిని బ్యాటరీల పక్క గోడకు వరసగా బిగించారు. దగ్గరున్నవాటికి పొట్టి తీగలు, దూరమున్నవాటికి పొడుగు తీగలు వేస్తే చూడ్డానికి శుభ్రంగా ఉంటుందన్నాడు ఆయన. అలా వేస్తే జంటలో పొట్టి తీగ ఉన్నదాని మీదే బరువంతా పడుతుందని ఆమె అంది.

"మూరెడు తేడాకే కొంప మునుగుతుందా?" అని ఆయన నవ్వేశాడు. ఎండన పడి వచ్చిన ఆమెకు వాదించే ఓపిక లేకపోయింది.

మర్నాడు కరెంటు పోయింది. ఇన్వర్టర్లు చటుక్కున అందుకున్నాయి, యంత్రం తిరిగింది. అంతలోనే ఆగిపోయింది. బ్యాటరీకి అన్నిటికంటే దగ్గరున్న ఇన్వర్టరు ఫ్యూజు కొట్టేసింది. దాని జంటది ఒక్కటే మొయ్యలేక ఆగింది. ఆ ఫేజు పడిపోగానే తక్కిన రెండు ఫేజులూ మావల్ల కాదని కూర్చున్నాయి. కబురందుకుని ఇద్దరూ పరుగున వచ్చేసరికి బేకరీ అతనూ, అతని అత్తగారూ మోచేతుల దాకా పిండిలో మునిగి చేత్తో పిసుకుతున్నారు.

"ఇంకాస్త పెద్ద ఫ్యూజు వేసెయ్యక్కా, మళ్లీ కొట్టెయ్యదు," అన్నాడతను.

"నిజమే తమ్ముడూ, ఫ్యూజు కొట్టెయ్యదు. దాని బదులు తీగ కాలుతుంది. ఫ్యూజు తీగను బట్టి ఉండాలి."

మొగుడు అదే సైజు కొత్త ఫ్యూజు వేసి, యంత్రం నడిపించి, తీగల మీద మీటరు పెట్టి చూశాడు. దగ్గరున్న ఇన్వర్టరు పక్కదాని కంటే దాదాపు రెట్టింపు మోస్తోంది. ఆయన మెడ గోక్కున్నాడు.

"సరే, టేపు తియ్యి. అన్నిటికీ ఒకటే కొలత."

అన్నీ ఆపేసి, దూరపు తీగ ఎంతుందో అంత పొడుగున అన్నిటికీ కొత్త తీగలు కత్తిరించి వేశారు. ప్రతిదానికీ బ్యాటరీ దగ్గరే విడిగా ఫ్యూజు పెట్టారు. దగ్గరివాటి తీగల్లో మిగిలిన పొడుగంతా గోడ మీద వేలాడుతుంటే, పేగులు ఆరేశారేంటమ్మా అంది అత్తగారు. దర్జీ అక్క నవ్వాపుకోలేక నేల మీద కూలబడింది. శుభ్రం అంటే ప్రాణం పెట్టే మొగుడికి ఆ మాట బాగా తగిలింది. మధ్యాహ్నమంతా కూర్చుని ఆ తీగలను ఒకే తీరు వంపులుగా తిప్పి క్లిప్పులు కొట్టాడు.

మెయిను ఆపి చూస్తే యంత్రం హాయిగా తిరిగింది. మీటరులో జంటలన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపించాయి. అత్తగారికి మాత్రం నమ్మకం కుదరక తన ముద్దను పిసుకుతూనే ఉంది. సాయంత్రం ఆ రొట్టెలే మెత్తగా వచ్చాయని కొన్నవాళ్లు అన్నారట. ఇక ఆవిడ నోటికి అడ్డెవరు?

ఇంటికి వెళ్తూ మొగుడు స్కూటరు నెమ్మది చేసి, "నిన్నే నీ మాట వినాల్సింది," అన్నాడు. హారన్ల గోలలో వినబడలేదంది ఆమె. ఆయన మళ్లీ చెప్పాడు. ఈసారీ వినబడలేదంది.