ఉయ్యూరు పెళ్ళిచూపుల్లో మాయమైన మెనూ

పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లనివ్వబోయే పెద్దమనిషి కంప్యూటర్‌ని పాడుచేసి కూర్చున్న పెళ్ళికొడుకు కృష్ణా జిల్లా మొత్తం మీద నేనొక్కడినే అయ్యుంటాను. మీ ఇంట్లో పెళ్ళికావలసిన కుర్రాళ్ళుంటే వాళ్ళకిది చదివి వినిపించండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అప్పట్లో పటమటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎక్సెల్ నేర్పేవాడిని. ఎక్సెల్ చేత పనులు వాటంతటవే చేయించే చిట్టి ప్రోగ్రాములు, అవే మాక్రోలు, ఓ నాలుగు రాయడం వచ్చేసరికి కాళ్ళు నేలమీద ఆనేవి కావు. ఉయ్యూరు నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు రమ. చూడగానే ఎంత నచ్చిందంటే, స్వీటు తింటున్నానో ప్లేటు తింటున్నానో తెలియలేదు. ఈ సంబంధం తప్పిపోతే ఎలాగన్న బెంగ అప్పుడే పట్టుకుంది.

వాళ్ళ నాన్న కోటేశ్వరరావు గారికి ఇంటిముందే ఎరువుల కొట్టు. కాఫీ అవగానే నన్ను అక్కడికి తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు.

"మీరు కంప్యూటర్లో దిట్టంటగా. మా గుమాస్తా ఏదో ఒకటి నొక్కి స్టాకు ఫైలు చెడగొడతన్నాడండీ. వాడి చెయ్యి పడకుండా ఏవన్నా చెయ్యగలరా?"

"ఎంతసేపండీ, పది నిమిషాలు," అన్నాను.

ఆ పది నిమిషాలే నా కొంప ముంచాయి. రెండు మాక్రోలు రాశాను. మొదటిది పైనున్న మెనూనీ, బటన్లుండే టూల్‌బార్లన్నిటినీ దాచేస్తుంది. రెండోది వాటిని తిరిగి తెస్తుంది. ఆ రెండోదానికి ముద్దొచ్చే బటన్ ఒకటి చేసి టూల్‌బార్ మీద పెట్టాను. పాఠకులారా, బటన్ ఎక్కడ పెట్టానో మరోసారి చదువుకోండి. నేను చదువుకోలేదు.

మొదటి మాక్రో నడిపాను. తెర మీద ఉత్త గళ్ళు మిగిలాయి, గుండు చేయించుకున్న తలలాగా.

"భలే ఉందే. ఇప్పుడు మళ్ళీ తెప్పించండి," అన్నారాయన.

బటన్ కోసం మౌసు పైకి పోనిచ్చాను. మిగతా వాటితోపాటు అదీ పోయింది. గాభరాలో ధరల ఫైలు తెరిచాను. అదీ బోడే. నేను దాచింది ఒక్క ఫైలుకు కాదు, ఎక్సెల్ మొత్తానికి.

"దానిక్కూడా చేశారేంటండీ?"

"అంటే... రెండూ ఒకేలా ఉంటే బావుంటుందని..."

"నేనడగలేదే."

ఆయన కనుబొమలు దగ్గరకొస్తున్నకొద్దీ నా పెళ్ళి దూరం జరుగుతోంది. గుమ్మంలోంచి రమ నెమ్మదిగా అడిగింది.

"వెనక్కి తెచ్చే బటన్ ఎక్కడ పెట్టారండీ?"

అబద్ధమాడదామని నోరు తెరిచాను. కరెంటు పోయిందందామంటే పైన ఫ్యాను తిరుగుతోంది.

"దాచినవాటి మీదే పెట్టానండీ."

సిగ్గు చంపుకుని వాళ్ళ ఫోన్లోంచే పటమటలోని నా స్నేహితుడు జిలానీకి చేశాను.

"ఆల్ట్ పట్టుకుని ఎఫ్ ఎనిమిది నొక్కరా. మాక్రోల పేర్లొస్తాయి, రెండోది నడుపు," అన్నాడు.

మెనూ తిరిగొచ్చింది. కోటేశ్వరరావు గారి మొహంలోకి నవ్వు మాత్రం రాలేదు.

"మంచిదండీ. ఏ సంగతీ కబురు చేస్తాంలెండి."

ఆ మాటకు అర్థం మీకూ తెలుసు. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

"కబురెందుకు నాన్నా, నాకిష్టమే," అంది రమ. "ఈయన దాచింది ఈయనకే దొరకట్లేదు. అడిగితే నిజం చెప్పేస్తన్నారు. ఇంక నా దగ్గరేం దాస్తారు?"

పీటల మీద కూర్చున్నప్పుడు, పంతులు గారు చెప్పించినవి కాక మనసులో ఇంకో ప్రమాణం చేసుకున్నాను. అగ్నిసాక్షిగా ఈ జన్మలో మెనూ గానీ, టూల్‌బార్ గానీ, చివరికి చొక్కా జేబులో సినిమా టికెట్టు గానీ దాచనుగాక దాచను.