ఏ పడవకి వెళ్తారు?

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళలో చాలామంది రెండోసారి రాలేదు. దానికి కారణం మా అమ్మ చేసే మర్యాద.

అమ్మ పుట్టింది గోదావరి మధ్యలో ఒక లంకలో. లంక అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: చుట్టూ నది, మధ్యలో అరటి తోటలు, ఒక చర్చి, కొంతమంది మనుషులు, వాళ్ళకి మిగతా ప్రపంచం మీద కాస్త జాలి. నదికి అవతల ఉన్నదంతా వాళ్ళ భాషలో గట్టు. రాజమండ్రీ గట్టే, ఢిల్లీ గట్టే. పెళ్ళయ్యాక నాన్న వెంట సికింద్రాబాద్ వచ్చి, మల్కాజ్‌గిరిలో కాపురం పెట్టి, ఇద్దరు పిల్లల్ని పెంచి, నాన్నని సాగనంపి, ఇన్నేళ్ళయినా అమ్మ దృష్టిలో తను గట్టు మీదకి ఏదో పని మీద వచ్చింది. ఇక్కడా నది ఉందని నిరూపించడానికి ఒకసారి మూసీ చూపించాం. మర్యాదస్తురాలు కనక ఏమీ అనలేదు. చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

లంకలో ఇంటికి చుట్టం వస్తే, కాళ్ళు కడుక్కోక ముందే అడిగే మొదటి మాట, "ఏ పడవకి వెళ్తారండీ?"

ఇది వంటింటికి సంబంధించిన ప్రశ్న. పొద్దుటి పడవకైతే కాఫీ. మధ్యాహ్నం పడవకైతే పప్పు, వేపుడు, అప్పడాలు. ఆఖరి పడవకైతే కోడి. ఏ పడవకీ వెళ్ళం అంటే వసారాలో నవారు మంచం. జవాబు వచ్చేదాకా పొయ్యి వెలగదు. అడక్కపోతే వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. 'మేం తిన్నా తినకపోయినా వీళ్ళకి ఒకటే' అనుకుంటారు.

మల్కాజ్‌గిరిలో పడవలు లేవని అమ్మకి తెలుసు. ఊరిని బట్టి మారాలన్న ఇంగితం కూడా ఉంది. అందుకని పడవ తీసేసి అడిగేది: "ఎప్పుడు వెళ్తారండీ?"

ఒకసారి నాన్న ఆఫీసులో పైఅధికారి తన భార్యతో సహా మా ఇంటికి వచ్చారు. ఆయన ఒక చెప్పు విప్పారు, రెండోది ఇంకా కాలికే ఉంది. అమ్మ నవ్వుమొహంతో అడిగింది. ఆయన విప్పిన చెప్పు మళ్ళీ వేసుకున్నారు. "పాపం, ఏదో పనున్నట్టుంది" అంది అమ్మ. కొత్తగా వచ్చిన పాస్టరుగారిని కూడా అడిగింది. ఆ రోజు ప్రార్థన చాలా క్లుప్తంగా జరిగింది. ఎదురింటావిడ ఒక్కతే, "ఏందమ్మా, జెర కూసోనియ్యవా?" అని పగలబడి నవ్వి, అదొక హాస్యమనుకుని, అమ్మకి స్నేహితురాలైపోయింది. ఆవిడకి ఇప్పటికీ మేం నిజం చెప్పలేదు.

ఈమధ్య లంకకి వంతెన వచ్చింది. లంక పద్ధతులు ఇంకా వేరుగా ఉన్నాయా, గట్టులో కలిసిపోయాయా అని మా చుట్టాల్లో పెద్ద చర్చ నడుస్తోంది. చర్చించేవాళ్ళంతా ఉండేది హైదరాబాదులోనే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. అమ్మని మాత్రం స్వయంగా చూసుకోమని కార్లో తీసుకెళ్ళాను. కారు తిన్నగా మామయ్య గుమ్మంలో ఆగింది. "రా అక్కా" అన్నాడు మామయ్య. టీవీ పెట్టాడు. కూల్‌డ్రింకు తెప్పించాడు. అమ్మ కూర్చుని ఎదురుచూసింది. మధ్యాహ్నం గట్టు మీద టౌను నుంచి బిర్యానీ పార్సిల్ వచ్చింది. అమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

తిరిగొస్తూ వంతెన ఎక్కాక అడిగింది: "మీ మామయ్య అడగలేదు, చూశావా?"

"పడవే లేదు కదమ్మా."

"పడవ లేకపోతే అడగక్కర్లేదా?"

వంతెన దాటేదాకా కిటికీలోంచి నదినే చూసింది. దాటాక అంది: "వాడూ గట్టోడైపోయాడు."

ఇలాంటి పరిస్థితుల్లో మా చెల్లెలి పెళ్ళి మాట వచ్చింది.

చెల్లెలు బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడే పనిచేసే అల్వాల్ అబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయికి తండ్రి లేడు. తల్లి బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఆవిడ సరేనంటే సరే, కాదంటే కాదు, ఆ ఇంట్లో అప్పీలు లేదు. అంతకుముందు ఒక సంబంధాన్ని, అవతలివాళ్ళు టీవీ కట్టెయ్యకుండా మాట్లాడారని వదిలేసిందట. మా గురించి కొడుకుతో అన్న మాట చెల్లెలి చెవిన పడింది: "ఆంధ్రోళ్ళు గదా. మనిషొస్తే ఎట్ల జూస్తరో ఇంటికి పోయి జూస్త. అప్పుడు చెప్త."

వాళ్ళు వచ్చే ఆదివారం పొద్దున చెల్లెలు అమ్మని కూర్చోబెట్టి రిహార్సల్ చేయించింది.

"వాళ్ళు రాగానే ఏమంటావ్?"

"వందనాలండీ అంటాను."

"తర్వాత?"

"లోపలికి రండంటాను."

"తర్వాత?"

అమ్మ వంటింటి వైపు చూసింది.

"అమ్మా!"

"అడగనని చెప్పాను కదే. మరి అన్నం ఎంత పడెయ్యాలి?"

"ఎంతో కొంత పడెయ్."

"ఎంతో కొంత గట్టోళ్ళు పడేస్తారు" అంది అమ్మ. అయినా ఒప్పుకుంది. కూతురి పెళ్ళి కదా.

వాళ్ళు చర్చి అయ్యాక పదకొండు గంటలకి వచ్చారు. అమ్మ వందనాలంది. లోపలికి రండంది. అక్కడితో ఆమెకిచ్చిన పాఠం అయిపోయింది. అడగాల్సిన మొదటి మాట అడక్కపోయేసరికి రెండో మాట ఎలా మొదలుపెట్టాలో ఆమెకి తెలియలేదు. కుర్చీ అంచున కూర్చుంది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఖాళీ స్టవ్‌ని చూసి మళ్ళీ వచ్చి కూర్చుంది. టీ నేనే ఇచ్చాను. ఎండల గురించి నేను మాట్లాడాను. మెట్రో గురించి నేను మాట్లాడాను. అబ్బాయి "అవునండీ" అన్నాడు, రెండింటికీ.

కాసేపటికి అతని తల్లి కప్పు కింద పెట్టింది.

"ఏమ్మా, మాట్లాడరేంది? మేం వచ్చుడు మీకు ఇష్టం లేదా?"

"అయ్యో, అదేం లేదండీ" అంది అమ్మ, చెల్లెలి వైపు దొంగచూపు చూస్తూ. ఆ చూపు అల్వాల్ ఆవిడ కూడా చూసింది. హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళోకి తీసుకుంది.

"సరే తియ్. పా రా, పోదాం" అంది కొడుకుతో.

అబ్బాయి లేవలేదు. లేవకుండానూ ఉండలేదు. సగంలో ఆగాడు.

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నుంచి కంగారుగా ఒక గొంతు వినిపించింది: "ఆంటీ, ఆంటీ, మీరు ఎప్పుడు వెళ్తారు?"

మా చెల్లెలు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తప్ప లంక మొహం చూడనిది. ఎండాకాలపు గోదావరిలో కూడా పడవెక్కితే నన్ను పట్టుకుని ఏడ్చేది. పొద్దున్నుంచీ అమ్మ నోటికి కాపలా కాసింది. తన నోటి సంగతి చూసుకోలేదు.

అబ్బాయి ఫ్యాను వైపు చూశాడు.

"ఏందీ?" అంది ఆవిడ. "వచ్చి గంట కాలే. పొమ్మంటున్నవా?"

ఇక అమ్మ ఆగలేదు. లేచి నిలబడింది.

"పొమ్మనడం కాదండీ! ఏ పడవకి వెళ్తారూ అని. మధ్యాహ్నం పడవైతే ఇప్పుడే పప్పు పడేస్తానండీ. ఆఖరి పడవైతే కోడి తెప్పిస్తానండీ. పొద్దున్నుంచీ ఇది నా నోరు నొక్కేసిందండీ. అడక్కుండా ఎవరైనా ఎలా వండుతారండీ? ఎంతసేపుంటారో తెలీకుండా ఏం పెడతారండీ మనిషికి?"

"పడవనా?" అంది ఆవిడ. "అల్వాల్‌కా?"

"ఆయ్. ఎక్కడికైనానండీ."

ఆవిడ అమ్మని చాలాసేపు చూసింది. జవాబు తప్పు రాసి, చేసిన పద్ధతి మాత్రం సరిగ్గా ఉన్న పిల్లని టీచరు చూసే చూపు అది. దాన్ని నేను బడిలో ఎప్పుడూ సంపాదించుకోలేకపోయాను కాబట్టి వెంటనే గుర్తుపట్టాను.

"అంటే మీ తాన అడిగినంకనే వండుతరా?"

"అడిగాకేనండీ. అడక్కపోతే చులకన చేసినట్టు కదండీ?"

"మా తాన అడుగుడే ఉండదమ్మా. అడిగితే ఎవరైనా తిన్నమనే అంటరు. అందుకే అడగం, పెట్టేస్తం." గోడ గడియారం వైపు చూసింది. "ఆఖరి పడవ ఎన్నింటికి?"

ఇంతవరకూ ఈ ప్రశ్న అమ్మని మల్కాజ్‌గిరిలో ఎవరూ అడగలేదు. తడబడింది. "చీకటి పడకముందేనండీ."

"గట్లయితే దానికే పోతం" అని ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ సోఫా పక్కన కింద పెట్టింది. అబ్బాయి మిగిలిన సగమూ కూర్చున్నాడు. నన్ను కోడి కోసం తరిమారు.

వాళ్ళు ఆఖరి పడవకి వెళ్ళలేదు. చీకటి పడ్డాక ఆవిడ లేచి, "పోయొస్తం" అని, గేటు దగ్గర నిలబడి మళ్ళీ మొదలుపెట్టింది. గేటు దగ్గర మాట్లాడేదాన్ని ఈ ఊళ్ళో మాట్లాడటం కింద లెక్కెయ్యరు. అమ్మ నా చెవిలో గొణిగింది: "పడవెళ్ళిపోయిందిరా. ఇప్పుడు పక్క వెయ్యాలా ఏంటి?"

ఆవిడ సరేనన్నట్టు కబురొచ్చింది. తర్వాత మేం అల్వాల్ వెళ్ళాలి. చెల్లెలి సలహా మీద ఇంట్లోనే కడుపునిండా తిని బయల్దేరాం. అడగరు కదా, అడక్కపోతే అమ్మ ముద్ద ముట్టదు, ఆకలితో ఉంటే మాట్లాడుతుంది, అదీ దాని భయం.

ఆవిడ తలుపు తీసింది. మేం చెప్పులు విప్పకముందే, బాగా ప్రాక్టీసు చేసినట్టుంది, గట్టిగా అడిగింది: "ఏ పడవకు పోతరమ్మా?"

వంతెన వచ్చినప్పటి నుంచీ ఆ మాట అమ్మని ఎవరూ అడగలేదు. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

"ఆఖరిదానికేనండీ."

లోపలికి వెళ్ళేసరికి బల్ల మీద బగారన్నం, కోడికూర, ఇంకేవో గిన్నెలు మూతలు పెట్టి సిద్ధంగా ఉన్నాయి. పొగలు కూడా చాలావరకు తగ్గాయి. అమ్మ వాటిని చూసింది. ఆవిడ నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళగానే నా వైపు వంగింది.

"చూశావా?" అంది గుసగుసగా, చాలా తృప్తిగా. "వండేసి అడిగింది. ఎంతైనా గట్టోళ్ళు గట్టోళ్ళేరా."

ఆ తర్వాత మేం రెండోసారి భోజనం చేశాం.