కవలై లేని చేపలు

మా రామలింగ మామ లెక్కలో లోకానికి ఉన్న రోగం ఒకటే, కవలై. దిగులును మా రాజపాళయంలో అలాగే అంటాం. మోటారు తిరగకపోయినా, ఇడ్లీ పిండి పొంగకపోయినా వాటికి కవలై పట్టిందంటాడు. మనుషులకు చెప్పుకోవడానికి నోరుంది కాబట్టి తన జాలినంతా చేపలకు కేటాయించాడు.

చోళపురం దగ్గర ఆయనకు రెండు చేపల గుంటలున్నాయి. తులసి, జామాకు, మునగాకు దంచి, మరిగించి, ఆ రసంతో తవుడు, వేరుసెనగ చెక్క కలిపి, మా అత్త మురుకుల గొట్టంతోనే పట్టా మీద ఒత్తి చేపలకు మేతగా ఎండబెడతాడు. దీపావళికి మా ఇంటి మురుకులు తిన్నవాళ్ళంతా తులసి వాసన అన్నారు. అత్త కొత్త గొట్టం కొనుక్కుంది. మామ అదీ పట్టుకుపోయాడు.

“చేపకి కవలై ఏముంటాది మామా?” అన్నాను ఒకసారి.

“నిన్ను వలేసి పట్టి, డ్రమ్ములో కుక్కి, బండిలో కుదిపితే తెలుస్తాదిరా కార్తిక్. మేత ముట్టదు. ఆనెక రోగం. అందుకే పది దినాలు ముందే ఆకురసం పెట్టాల.”

మీన్వళం, అంటే చేపల శాఖ, వాళ్ళ శిక్షణకు పోయి, పాఠం చెబుతున్న ఆఫీసరును మధ్యలో ఆపి, “సార్, మీ మొహంలో కవలై ఉండాది” అని ఆకురసం ఫ్లాస్కు అందించాడు. ఆయన పాపం తాగాడు. మళ్ళీ శిక్షణకు మామను పిలవలేదు.

సత్రపట్టిలో ధనం అక్క తన వంతు పొలంలో కొత్తగా గుంట తవ్వించింది. మొదట వదిలిన పిల్లలు చచ్చిపోయాయి. ఆమె మొగుడి అన్న శంకరనారాయణన్‌కు అది మొదటినుంచీ గిట్టలేదు. “ఈ తడవ మీను చచ్చినాదంటే గుంట పూడ్చి టెంకాయ నాటేస్తా” అని అందరి ముందూ చెప్పేశాడు. ఆమెకు ఇంకో అవకాశం లేదు.

మామ పది రోజులు ఆకురసం మేత పెట్టి, తన గుంటలోంచి ఆరునూరు చేపపిల్లలు ఇచ్చాడు. కుట్టియానై అని మేము పిలిచే చిన్న లారీ నాది. మామ వెనక డ్రమ్ముల పక్కన కూర్చున్నాడు.

“హారన్ కొట్టొద్దురా. మెల్లగా పో. కవలై పడతాయి.”

ఎద్దుబండి కూడా మమ్మల్ని దాటిపోయింది. వెనక బస్సు ఆగిపోయి, కండక్టరు దిగివచ్చాడు.

“ఎవురికి బాగలేదు?”

“ఆరునూరు మందికి” అన్నాడు మామ.

అరగంట దారి రెండు గంటలైంది. ఎండలో డ్రమ్ముల నీళ్ళు వేడెక్కాయి. చేపలను వదిలేటప్పుడు మామ డ్రమ్ములో చెయ్యి పెట్టి రెండుసార్లు వేడి చూశాడు.  తర్వాత మూడు రోజులు తెల్లారుతుండగానే టీవీయస్ బండి మీద ఎక్కడికో పోయాడు. అడిగితే పాలకన్నాడు. ఇంట్లో రెండు ఆవులున్నాయి.

ధనం అక్క గుంటలో ఒక్క చేపా తేలలేదు. మామ ఆకురసం పేరు మంసాపురం దాకా పాకింది.

ఎనిమిది నెలలకు వల వేశారు. శంకరనారాయణన్ గట్టుమీద నిలబడి తానే లెక్కపెట్టాడు. ఆరునూటా నలభై.

“విడిచింది ఆరునూరే గదా?” అన్నాడు.

మేము వదిలిన కట్ల, రోహు గుంటలో గుడ్లు పెట్టి పిల్లలు చేసే రకాలు కావు. చేపలు పెంచే ఇళ్ళల్లో పిల్లలకూ తెలుసు. నేను మామ వైపు చూశాను. మామ వల వైపు చూశాడు.

“ఆకురసం మంచిది” అన్నాడు చివరికి.

శంకరనారాయణన్ ఇంకోసారి లెక్కపెట్టి, టెంకాయ మాట ఎత్తకుండా ఇంటికి పోయాడు. ధనం అక్క తడి చేతులతోనే మొహం తుడుచుకుని, “వచ్చే తడవకి ఎయ్యి వదులుతాన్నా” అంది.

తిరిగి వస్తుంటే అడిగాను.

“ఆ మూడు దినాల్లో నిజంగా ఎన్ని చచ్చినాయి మామా?”

“నలభై.”

“నలభైకి ఎనభై ఎందుకు వదిలినావు?”

“చచ్చినవి తీసేసి, ఒకటికి ఒకటి ఎంచి వదుల్తా ఉంటిరా. ధనం గేటు తీసేది వినపడె. డ్రమ్ము మొత్తం కుమ్మరించి పరిగెత్తినా.”