హెడ్మాస్టరు కుర్చీ

నా చిన్నప్పుడు, బోధన్‌లో మా వాడకట్టు మొత్తానికి నా అంత అందంగా రాసే పిల్ల లేదు. మూడేళ్లప్పుడు వచ్చిన జ్వరంతో నాకు వినికిడి పూర్తిగా పోయింది. అయినా బోర్డు మీద ఏది రాస్తే అది పలకమీదికి ముత్యాల్లా దించేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు. ఆ రాతకు ఒక అర్థం ఉంటుందని మాత్రం నాకు తెలియదు. తెలియదన్న సంగతి ఎవరూ కనిపెట్టలేదు.

చివరికి కనిపెట్టింది పక్కింటి అక్క. ఏడో తరగతితో బడి మానేసి, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఒకనాడు చీటీ మీద ఏదో రాసి నా చేతికిచ్చింది. నేను దాని కిందే అచ్చం అలాగే మూడుసార్లు రాసి, మెచ్చుకుంటుందని ఆమె మొహంలోకి చూశాను. మెచ్చుకోలేదు. చాట పక్కన పెట్టి లేచి, చీటీ చూపించి, కిటికీ తెరిచింది. మూసి, మళ్లీ చీటీ చూపించి, ఈసారి నా చేత తెరిపించింది. 'కిటికీ తెరువు' అని ఉంది అందులో. పదిసార్లయ్యాక చీటీ చూపగానే నేనే పరుగెత్తి తెరిచాను.

అప్పుడు ఇంకో చీటీ రాసింది. నేను మళ్లీ కిటికీయే తెరిచాను. అక్క తల అడ్డంగా ఊపి, రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి కూర్చుంది. చాలాసేపు చూశాను. చివరి మాట రెండింటిలోనూ ఒకటే, మొదటిది వేరు. అంటే ఏదో తెరవాలి, కానీ కిటికీ కాదు! వెళ్లి తలుపు గడియ తీశాను. అక్క నన్ను ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది.

ఆ తర్వాత రోజూ చీటీలే. 'నా', 'నీ' దగ్గరే చాలా కష్టపడ్డాం. 'నా గాజు' అని ఆమె రాస్తే నేను నా గాజే చూపేదాన్ని. రాసినవాళ్లదే ఆ 'నా' అని నా తలకెక్కడానికి వారం పట్టింది.

అంతలో మా బడి హెడ్మాస్టరు బాపును మా తరగతికి పిలిపించాడు. బాపు చెరుకు బండి తోలేవాడు, చదువు లేదు. అక్క కూడా వెంట వచ్చింది. వాళ్లేమనుకున్నారో తర్వాత అక్కే నాకు రాసి చెప్పింది.

"సూసి రాస్తది, గంతే. సదువు రాదు. బడి మాన్పించి ఏదన్న పని నేర్పియ్యుండ్రి" అన్నాడట ఆయన.

బాపు తల దించుకున్నాడు. అక్క దించుకోలేదు. "సార్, బోర్డు మీద మీకు తోచింది రాయుండ్రి. చేసి సూపెడ్తది."

ఆయన సుద్దముక్క తీసుకుని, ఏ పిల్లా ఊహించి చేయలేనిది రాశాడు: 'నా కుర్చీలో కూర్చో.'

కుర్చీ, కూర్చో ఒకదానిలా ఒకటి కనబడి ముందు తికమకపడ్డాను. తర్వాత నా కుర్చీ కోసం వెతికాను. మేమంతా నేలమీదే కూర్చునేవాళ్లం, నాకు కుర్చీ ఎక్కడిది? అప్పుడు గుర్తొచ్చింది, రాసింది ఆయన. ఆ కుర్చీని తాకడానికే పిల్లలు వణికేవారు. అక్క వైపు చూశాను. ఆమె కదల్లేదు. టేబుల్ చుట్టూ తిరిగి వెళ్లి, ఎక్కి కూర్చున్నాను. కాళ్లు నేలకు అందలేదు. పిల్లలందరి నోళ్లూ తెరుచుకున్నాయి.

హెడ్మాస్టరు సుద్దముక్క టేబుల్ మీద పెట్టాడు. తర్వాత బాపుతో అన్నాడట: "నాదే తప్పు. రేపటి సంది ముందట కూసోబెడ్త. చెప్పేదంత బోర్డు మీద రాస్త."

ఆ సాయంత్రం బాపు బండిని బజారు గుండా తోలాడు. ప్రతి దుకాణం ముందూ ఆపి బోర్డు చూపించేవాడు. నేను చదివి, అక్కడ ఏం అమ్ముతారో చేతులతో చేసి చూపేదాన్ని. "మా బిడ్డ సదువుతది!" అని దారిన పోయేవాళ్లందరికీ కేకేసి చెప్పాడట.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. బ్యాంకులో, ఆస్పత్రిలో నా సంగతి నా పక్కనున్నవాళ్లను అడుగుతుంటారు. నేను కోపం తెచ్చుకోను, తల దించుకోను. కలం తీసి, వాళ్ల ముందున్న కాగితం మీద రాస్తాను: 'నన్నే అడగండి.'