పుంజు చూసిన కాళ్లు

నిన్న పొద్దున్న మా కోడలు వజ్రపుకొత్తూరు నుంచి ఫోను చేసి, కొబ్బరి దింపు సంగతీ వాన సంగతీ అన్నీ చెప్పి, ఇక పెట్టేయబోతూ, పెరట్లో పుంజు ఈమధ్య పెట్టల జోలికే పోవడం లేదనీ, మా అబ్బాయి తోటలోంచి వచ్చేవేళకి గుమ్మంలో కాపు కాసి మరీ వాడి కాళ్ల మీదికి ఎగురుతోందనీ నవ్వుతూ చెప్పింది. కోళ్ల విషయంలో నాకు తెలియనిది లేదని ఆ పిల్ల నమ్మకం. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఫోను చెవికి ఆనించుకునే టెక్కలిలో మా వంటింట్లో పొయ్యి కట్టేశాను.

తొంభైల చివరి మాట. మా ఇల్లు అప్పుడు మందస అవతల జీడితోటల్లో ఉండేది. నేను రోజూ బస్సెక్కి పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి పోయేదాన్ని. మన ఈడు ఆడవాళ్లకి జీడి సొనకి నల్లబడ్డ ఆ వేళ్లు గుర్తుండే ఉంటాయి, పెళ్లిచూపుల్లో కొంగు కింద దాచుకునేవాళ్లం. ఇంట్లో అమ్మా, నాన్నా, అయిదు పెట్టలూ, ఒక ఎర్ర పుంజూ. పిల్లగా ఉన్నప్పుడు గద్ద తన్నుకుపోబోతే నాన్న విడిపించిన పుంజు అది. ఆయన గుప్పెట్లో నూకలు తప్ప నేల మీదివి ముట్టేది కాదు, తోటకి వెళితే వెనకాలే వెళ్లేది. కన్నకూతురి కంటే కోడే ఎక్కువైపోయిందని అమ్మ దెప్పిపొడిచేది. నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త కుళ్లుగానే ఉండేది.

ఒక వేసవిలో అమ్మ రెండు పెట్టల్ని పొదగేసింది. ఇరవై ఒక్క రోజులు గడిచినా ఒక్క గుడ్డూ చిట్లలేదు. దీపానికి పట్టి చూస్తే లోపల నీళ్లలా తేటగా ఉంది. ఇంకో పెట్టని పొదగేస్తే అదీ అంతే. అప్పుడుగానీ మేం పుంజుని సరిగ్గా చూడలేదు. గింజలు చల్లితే పెట్టల్ని పిలవడం లేదు, రెక్క వాల్చి వాటి చుట్టూ తిరగడం లేదు. రోజంతా గుమ్మంలో నిలబడి బాట వంక చూస్తూ ఉండేది. నాన్న కనబడగానే మెడ ఈకలు నిక్కబొడుచుకుని ఎగిరి ఆయన కాళ్లనే తన్నేది. ఇంట్లో ఇంకెవరినీ ఏమీ అనేది కాదు. మడమ దగ్గర నెత్తురు కారుతుంటే నాన్న దాన్ని కొట్టకుండా, "ఏటిరా, నేన్రా" అనేవాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మనిషి వెనకాల వచ్చే చేటు కోడి కంటికి కనబడుతుందని అమ్మ పట్టుకుంది. ఇంటికి వచ్చినవాళ్లంతా తలా ఓ కథ చెప్పి ఆమె భయాన్ని పెంచి పోయారు. పదో తరగతి చదివిన గొప్పదాన్ని కదా, ఇవన్నీ చాదస్తాలని కొట్టిపారేసి, సెలవు రోజున పశువుల ఆసుపత్రి కాంపౌండరుని అడగడానికి వెళ్లాను. ఆయన పుంజు వయసడిగాడు, మేతడిగాడు, చివరికి తలగోక్కుంటూ, "మీ నాన్న గానీ సెప్పులు మార్సినాడేటి?" అన్నాడు.

మార్చాడని గర్వంగానే చెప్పాను. పాతవి బిగుతై పట్టేస్తున్నాయంటే నా కూలి డబ్బులతో ఒక సైజు పెద్దవి కొన్నాను, అవీ చాలకపోతే మళ్లీ ఇంకో సైజు పెద్దవి తెచ్చాను.

"అదే మరి. పుంజు సూపంతా నేల మీదే గదమ్మా, దానికి మన కాళ్లే మొకం. ఇతనెవడో కొత్తోడనుకుంటంది."

పెరట్లో పరాయివాడు తిరుగుతున్నాడనుకున్నంత కాలం పుంజు మనసు కాపలా మీదే ఉంటుందనీ, పెట్టల్ని తొక్కదనీ, తొక్కని గుడ్లు ఎన్ని పొదిగినా వట్టివేననీ విడమరిచి చెప్పాడు. పుంజు గురించి ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ యాభై ఏళ్ల మనిషి పాదాలు ఎందుకు పెరుగుతున్నాయని ఆయనా అడగలేదు, నాకూ తోచలేదు.

ఆయన చెప్పినట్టే నాన్న చేత చెప్పులు మాన్పించాం. పుంజు దగ్గరికి వచ్చి, మెడ వంచి ఒంటికంటితో ఆ ఉత్త పాదాల్ని చాలాసేపు చూసి, మళ్లీ తన్నింది. ఇక అమ్మ ఆగలేదు, ఆదివారం దాన్ని అమ్మవారికి ఇచ్చేసింది. నాన్న ఆ పూట తోటలోంచి రాలేదు. తర్వాత కూర తినమంటే రెండు ముక్కలు నోట్లో పెట్టుకుని, వికారంగా ఉందని లేచిపోయాడు. బెంగ అనుకున్నాం.

నిమ్మాడలో మా మేనమామ ఇంటి నుంచి కొత్త పుంజు వచ్చింది. ఈసారి పన్నెండు గుడ్లకి పదకొండు పిల్లలు లేచాయి. చేటు పోయిందని అమ్మ పసుపునీళ్లు చల్లింది, నేనూ సంతోషపడ్డాను. ఆ పిల్లలకి రెక్కలు వచ్చేసరికి నాన్న మంచం దిగలేకపోయాడు. ఆసుపత్రిలో డాక్టరు ఆయన పాదం మీద బొటనవేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. మూత్రపిండాలు రెండూ పోయాయనీ, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారనీ కోప్పడ్డాడు. కోడి వైద్యం చేయించామని ఎలా చెప్పడం? ఆ పిల్లల్లో మొదటి పెట్ట గుడ్డు పెట్టక ముందే నాన్న పోయాడు.

అప్పట్లో ఒంటికి నీరు పట్టిందనేవాళ్లం, అంతే. ఇప్పుడు మన ఉద్దానంలో ఆ కిడ్నీ జబ్బు పేరు చిన్నపిల్లలకీ తెలుసు. రక్తపరీక్షలున్నాయి, డయాలసిస్ ఉంది, ఊరికి మంచినీళ్లు వస్తున్నాయి. తెలియక పోగొట్టుకున్న కాలం పోయి తెలిసి భయపడే కాలం వచ్చింది, అదీ మనకి జరిగిన మార్పు.

నిన్న ఫోనులో కోడలు హలో హలో అంటూనే ఉంది, పుంజుకి ఏ మందు వెయ్యాలని. నేను మందు చెప్పలేదు. అబ్బాయి చెప్పులేమైనా మార్చాడా అని అడిగాను.

"మొన్నే కొన్నారత్తా. పాతవి పట్టేత్తన్నాయని."

రక్తపరీక్షకి వాణ్ని పొద్దున్నే ఏమీ తినకుండా మొదటి బస్సుకి పలాస రమ్మన్నాను. పుంజుని మాత్రం కొయ్యొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఈ నాలుగు ముక్కలూ పలాస బస్సుల కాంప్లెక్సులో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. వాడు వచ్చే బస్సు ఇప్పుడే లోపలికి తిరిగింది. వెనకటికైతే దిగేవాళ్లలో వాడి మొహం కోసం వెతుక్కునేదాన్ని. ఇవాళ నా చూపు మెట్టు మీది కాళ్ల దగ్గరే ఉండిపోయింది.