బొట్టు పెట్టే శుభలేఖ

చిలకలూరిపేటలో కూరగాయల మార్కెట్టు వెనక సందులో సంతోషకుమారి శుభలేఖల కొట్టు ఉంది. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ మీద చార్టు కాగితం ఒకటి కనిపిస్తుంది. గుండ్రటి అక్షరాలు, చుట్టూ మల్లెతీగ. ‘అమ్మ పేరు లేని శుభలేఖ ఇక్కడ వేయబడదు’ అని ఉంటుంది. వచ్చినవాళ్ళలో చాలామంది అది చూసి, భలే రాశావమ్మా అని మెచ్చుకుని కుర్చీ లాక్కుంటారు. బస్సు వెనక రాసుకునే సూక్తి లాంటిదనుకుంటారు. అది సూక్తి కాదు, షరతు. ఆ సంగతి పేరయ్యకు తెలిసేసరికి ఆయన టీ కూడా తాగేశాడు.

పేరయ్య పర్చూరు వైపు పెద్ద రైతు. ఊళ్ళో ఏ పెళ్ళయినా ఆయన చేతి మీదుగా జరగాల్సిందే. ఆ మాఘమాసం పొద్దున, చనిపోయిన తమ్ముడు యలమంద కూతురి పెళ్ళికి కార్డులు వేయించడానికి వచ్చాడు. వెంట మరదలు కోటిరత్నం ఉంది. యలమంద పోయి తొమ్మిదేళ్ళు. ఉన్న నాలుగెకరాల్లో మిరపా పత్తీ మార్చి మార్చి వేసుకుంటూ, కూతురు జ్యోతిర్మయిని నర్సింగు చదివించింది కోటిరత్నమే. ఆమె గుమ్మం దగ్గర స్టూలు మీద ఒదిగి కూర్చుంది. కల్లంలోంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కొంగు నిండా మిరప ఘాటు. లోపల కార్డులు మడతపెడుతున్న నజీరా రెండుసార్లు తుమ్మింది.

“రాసుకో అమ్మాయ్,” అన్నాడు పేరయ్య. “కీర్తిశేషులు యలమంద గారి ఏకైక పుత్రిక. ఆహ్వానించువారు, పేరయ్య, నాంచారమ్మ దంపతులు. బంధుమిత్రుల పేర్లు తర్వాత చెప్తా.”

సంతోషకుమారి రాసి, పెన్ను ఎత్తి పట్టుకుంది.

“పెళ్ళికూతురి అమ్మగారి పేరండీ?”

“ఆమె పేరెందుకు? నేనున్నాగా.”

“మీరు పెదనాన్నగారు. నేనడిగేది అమ్మ పేరు.”

“శుభమా అని పెళ్ళి చేస్తుంటే, పిలిచేవాళ్ళ చోట ఆమె పేరు ఎట్టా ఏస్తారమ్మా? ఇన్నేళ్ళుగా కార్డులేస్తున్నావు, నీకు తెలియని ఆచారమా?”

“తెలుసండీ. అందుకే అక్కడ రాసి పెట్టా.”

పేరయ్య మెడ తిప్పి గోడ వైపు చూశాడు. ఈసారి చివరిదాకా చదివాడు. చదివి నవ్వాడు.

“ఇది కార్డులేసే కొట్టా, కోర్టా?”

“కొట్టేనండీ. ముందు సందులో ఇంకో రెండు ప్రెస్సులున్నాయి. వాళ్ళెవరూ అడగరు.”

ఆయన నవ్వు ఆగిపోయింది. లేచి పైకండువా దులుపుకున్నాడు. సంతోషకుమారి నుదుటి వంక ఒకసారి, గుమ్మం దగ్గరున్న మరదలి నుదుటి వంక ఒకసారి చూశాడు.

“బొట్టు పెట్టుకోనిదానివి నువ్వు. బొట్టు తీసేసింది ఈమె. మీరిద్దరూ కూడి శుభలేఖ రాస్తారా?”

నజీరా చేతిలో మడత ఆగిపోయింది. సంతోషకుమారి రాసిన కాగితాన్ని పుస్తకంలోంచి చింపి, మధ్యకు మడిచి ఆయన చేతికిచ్చింది.

“మీ మేటరండీ. మళ్ళీ చెప్పుకునే పని లేకుండా.”

పేరయ్య దిగి వెళ్ళిపోయాడు. కోటిరత్నం చెప్పులు వేసుకుంటూ ఆగి, గోడ మీది అక్షరాలను పెదవులు కదుపుతూ చదువుకుంది. తర్వాత ఆయన వెనక నడిచింది.

“అక్కా, ఆయన నోరు పెద్దది,” అంది నజీరా.

“నా గోడా చిన్నదేం కాదులే,” అంది సంతోషకుమారి.

ఆ గోడకు ఆ మాట ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ఆమె పెళ్ళి దాకా వెనక్కి వెళ్ళాలి.

సంతోషకుమారిది ఇంకొల్లు దగ్గర పల్లె. తండ్రి ఇమ్మానియేలు ఆమెకు ఏడేళ్ళప్పుడే పోయాడు. తల్లి దీనమ్మ పత్తి తీతకూ మిరప కోతకూ కూలికి వెళ్ళి పిల్లను పెంచింది. పిల్ల చేతిలో ఒక విద్య ఉంది. సండే స్కూలుకు వాక్యాల చార్టులు రాసేది, క్రిస్మసు వస్తే రంగు కాగితాలు కత్తిరించి నక్షత్రాలు కట్టేది. ఎవరూ నేర్పలేదు. ఏ కార్డు చేతికి దొరికినా ఊడదీసి, ఎక్కడ మడిచారో ఎక్కడ అతికించారో చూసి, మళ్ళీ అతికించేది.

ఇరవయ్యో ఏట పెళ్ళి కుదిరింది. కార్డు బాబాయి ఏసుబాబు వేయించాడు. పైన బైబిలు వచనం, కింద ఆహ్వానించువారు ఏసుబాబు దంపతులు. క్రైస్తవులమైతే మాత్రం ఏం, పైన వచనం మారింది గానీ కింద ఆచారం మారలేదు అంటుంది సంతోషకుమారి ఇప్పటికీ. దీనమ్మకు అప్పటికి చదువు రాదు. పదిమంది చుట్టాల మధ్య కార్డు పట్టుకుని, “నా పేరు ఎక్కడుందే, చూపించు,” అని అడిగింది. బాబాయి పక్కనే ఉన్నాడు. పిల్లకేమీ తోచలేదు. కార్డు అడుగున సన్నటి అక్షరాలున్న చోట వేలు పెట్టి, “ఇదిగోనమ్మా,” అంది.

అది ప్రెస్సు పేరు.

దీనమ్మ ఆ కార్డును బైబిల్లో దాచుకుంది. ప్రతి ఆదివారం తీసి, కూతురు వేలు పెట్టిన చోట ముద్దు పెట్టుకునేది. ఎనిమిదేళ్ళ తర్వాత చర్చిలో పెద్దవాళ్ళకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. దీనమ్మ అందరికంటే ముందు వెళ్ళి కూర్చుంది. అక్షరం వెనక అక్షరం పట్టింది. ఒకనాడు కార్డు తీసి, అడుగున ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివి, పొట్ట పట్టుకుని నవ్వింది.

“ఎనిమిదేళ్ళుగా ప్రెస్సోడి పేరుకు ముద్దులు పెడుతున్నానన్నమాట,” అంది.

సంతోషకుమారికి నవ్వు రాలేదు. అప్పటికి ఆమె ఒక ప్రెస్సులో కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే పని చేస్తోంది. తర్వాత సొంతంగా కొట్టు పెట్టుకున్న రోజున కుర్చీలు రాకముందే, కంప్యూటరు బిగించకముందే, గోడ మీదికి ఎక్కింది ఆ చార్టు.

కొట్టు దిగి వెళ్ళిన పేరయ్య ఊరికే ఉండలేదు. సంతోషకుమారికి పెళ్ళిళ్ళ మర్యాద తెలియదని పెళ్ళిపందిళ్ళలో, టీ కొట్ల దగ్గర అన్నాడు. పది రోజుల్లో ఇద్దరు వచ్చి, ప్రూఫు దాకా వచ్చిన కార్డులను వద్దని చెప్పి వెళ్ళారు. ఒకాయన వెళ్తూ వెళ్తూ, “ఆ కాగితం తీసేయరాదా అమ్మా, దానివల్ల ఏమొచ్చింది?” అన్నాడు. ఆ మధ్యాహ్నం సంతోషకుమారి స్టూలెక్కి, ఎండకు వెలిసిన అక్షరాల మీద నల్ల స్కెచ్ పెన్నుతో మళ్ళీ దిద్దింది. ముందుకంటే లావుగా దిద్దింది.

ఇంకా ఆ పెన్ను వాసన పోకముందే కోటిరత్నం వచ్చింది, ఒక్కతే. సంచిలోంచి పేరయ్య వేయించిన కార్డు తీసి బల్ల మీద పెట్టింది. బంగారు రంగు అక్షరాలు. ఎక్కడా ఆమె పేరు లేదు.

“జ్యోతి ఫోన్లో చూసి, ఈ కార్డు మా హాస్పిటల్లో ఒక్కళ్ళకి కూడా ఇవ్వను అంది. దాని కోపం ఒక పూట ఉంటుంది. నాకే తగ్గట్లేదు. నా పేరుతో ఒక కార్డు ఎయ్యి సంతోషమ్మా.”

“ఏస్తా. ఎన్ని కావాలి?”

“నాలుగొందలు. అయితే ఏస్తే అయిపోదు.” కోటిరత్నం గొంతు తగ్గించింది. “కార్డు ఇంటింటికీ పట్టుకెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి కదా. నేను గడప తొక్కితే కుర్చీ వేస్తారు, మంచినీళ్ళిస్తారు. నొసలు మాత్రం ముందుకు చాపరు. కుంకుమ భరిణె మా తోటికోడలు నాంచారమ్మక్క పట్టుకెళ్తుంది. నేను వెనకాల కార్డుల సంచి మోస్తా. నా కూతురి పెళ్ళికి నేను సంచి మోసే మనిషిని.”

సంతోషకుమారి బల్ల మీద ఉన్న తెల్ల కాగితాన్ని ఆమె వైపు జరిపింది.

“బొట్టు ఏ వేలితో పెడతారండీ?”

“ఉంగరపు వేలితో. ఎందుకు?”

“చెయ్యి ఇక్కడ పెట్టండి.”

పెన్సిలు పట్టుకుని ఆ చేతి చుట్టూ గీసింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళ మీది పగుళ్ళు, అరిగిన గోళ్ళు, మణికట్టు దగ్గరి మచ్చ ఒక్కొక్కటీ చూసి వేసింది.

“నా చెయ్యేంటి తల్లీ, మిరపకాయలు కోసిన చెయ్యి. పెళ్ళికార్డు మీద నెమలో ఏనుగో ఉండాలి గానీ.”

“నెమళ్ళు శివకాశి కార్డుల మీద కుప్పలుగా వస్తాయి. ఈ చెయ్యి రాదు.”

అనుకున్నది ఏమిటంటే, కార్డు తెరవగానే ఆ చెయ్యి కనిపించాలి. ఉంగరపు వేలి కొసన అచ్చు వేసిన బొట్టు కాదు, నిజంగా ఊడి వచ్చే స్టిక్కరు బొట్టు ఉండాలి. తీసుకున్న మనిషి దాన్ని తీసి తన నుదుటన తానే పెట్టుకోవాలి. పెట్టినది మాత్రం కోటిరత్నం చెయ్యే.

చెప్పడం తేలికే. మొదటి కార్డు మీద బొట్టును అట్లాగే అతికిస్తే, తీసేటప్పుడు వేలి బొమ్మ కూడా లేచి వచ్చింది. నున్నటి కాగితం మార్చి గరుకు కాగితం తెస్తే, బొట్టు జిగురంతా దానికే అంటుకుని నుదుటన నిలవలేదు. మూడో రోజున తట్టింది. బొట్టును దాని అట్ట మీది నుంచి ఊడదీయకుండా, చుట్టూ ఉన్న జారుడు కాగితంతో సహా గుండ్రంగా కత్తిరించి, ఆ కాగితాన్ని అతికించారు. బొట్టు చెదరకుండా వచ్చింది. నజీరా కత్తిరించేది, సంతోషకుమారి వేలి కొసన సరిగ్గా అతికించేది, కోటిరత్నం పూట పని మానుకుని వచ్చి కార్డులు మడతపెట్టేది.

“అక్కా, నువ్వు బొట్టు పెట్టుకోవు. నేను పెట్టుకోను. ఈవిడ పెట్టుకోకూడదంటారు,” అంది నజీరా. “ముగ్గురం కలిసి నాలుగొందల బొట్లు అతికిస్తున్నాం.”

కోటిరత్నం నవ్వింది. ఆమె నవ్వడం ఆ కొట్లో అదే మొదలు. “మా బావగారు చూస్తే ఏమంటారో.”

“ఆయన చూడాలనేగా ఈ పాట్లు,” అంది సంతోషకుమారి.

చెయ్యి కింద నాలుగు మాటలే ఉన్నాయి. ‘మా జ్యోతిర్మయి పెళ్ళి. బొట్టు పెట్టి పిలుస్తున్నాను, రండి.’ దాని కింద, ఎర్ర మిరపపండు రంగులో, కోటిరత్నం. ఆ కింద కొంచెం చిన్న అక్షరాల్లో పేరయ్య, నాంచారమ్మ దంపతులు. పెదనాన్న పేరు తీసేయమని కోటిరత్నం అనలేదు. చోటు మాత్రం తనే చూపించింది.

కార్డులు పూర్తయిన రోజున ఆమె కాగితం పొట్లంలో పసుపు తెచ్చింది. మొదటి కార్డు నాలుగు మూలలకూ పసుపు రాయడం ఆనవాయితీ. పొట్లం విప్పి సంతోషకుమారి వైపు చాపింది.

“నువ్వు రాయమ్మా. మొగుడున్న మనిషివి.”

“నా పేరు మీద కార్డయితే నేనే రాసేదాన్ని. ఇది మీ పేరు మీదది.”

కోటిరత్నం పొట్లం వంక చూసింది, కార్డు వంక చూసింది. వేలు తడుపుకుని పసుపులో ముంచింది. మొదటి మూల మీద పసుపు కాస్త చెదిరింది. నాలుగో మూల మీద మాత్రం గుండ్రంగా, బొటనవేలు వెడల్పున, బొమ్మ గీసినంత పొందికగా పడింది.

“మొదటిది దేవుడి దగ్గర పెడతా,” అంది. “రెండోది బావగారింటికి. నువ్వు స్కూటీ మీద దింపుతావా?”

పేరయ్య ఇంటి ముందు ఎండబోసిన మిరపకాయలతో వాకిలంతా ఎర్రగా ఉంది. ఆయన అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. నాంచారమ్మ పాలిపోయిన తాలుకాయలు ఏరుతోంది. స్కూటీ దిగిన ఇద్దర్నీ చూసి ఆయన లేవలేదు. కోటిరత్నం ఆయన్ని దాటుకుని నేరుగా తోటికోడలి దగ్గరికి వెళ్ళింది.

“అక్కా, మా జ్యోతి పెళ్ళి. తప్పకుండా రావాలి.”

నాంచారమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కార్డు తెరిచింది. చాలాసేపు చూసింది. “ఇది నీ చెయ్యేగా. ఈ మచ్చ కొడవలి తెగినప్పటిది. నేనే కట్టు కట్టా,” అంది. తర్వాత గోటితో బొట్టును తీసి, ఉన్న కుంకుమ కింద అతికించుకుంది. “అద్దం లేదే. నడిమధ్యకొచ్చిందా?”

“వచ్చిందక్కా.”

పేరయ్య చెయ్యి చాపి కార్డు తీసుకున్నాడు. అక్షరాల మీదుగా వేలు పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆపాడు.

“నా పేరు కిందేశావే.”

“వేశాను కదా బావగారూ,” అంది కోటిరత్నం.

ఆయన సంతోషకుమారి వైపు తిరిగాడు. “మరి నేను వేయించిన ఐదొందలు ఏం చెయ్యమంటావమ్మా?”

“వెనకవైపు తెల్లగానే ఉంటుందిగా అండీ. పిల్లలు బొమ్మలేసుకుంటారు.”

“ఊళ్ళో ఏమనుకుంటారో తెలుసా మీకు?”

“సాయంత్రానికి తెలుస్తుందిగా,” అంది నాంచారమ్మ, పైకి లేస్తూ. “ఉండవే కోటిరత్నం, నేనూ వస్తా.” లోపలికి వెళ్ళి, భరిణె లేకుండానే తిరిగి వచ్చింది.

అన్ని ఇళ్ళలోనూ అట్లా జరగలేదు. నాలుగో ఇంట్లో ఒక ముసలావిడ కార్డు తెరిచి చూసి, గబుక్కున మూసి మెట్టు మీద పెట్టేసింది. కోటిరత్నం వంగి దాన్ని తీసి, దుమ్ము ఊది, మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టింది.

“చేతిలోనే ఉంచుకో అత్తా. పెట్టుకుంటావో మానతావో నీ ఇష్టం. పిలిచింది మాత్రం నేను.”

ముసలావిడ ఈసారి కింద పెట్టలేదు.

సంతోషకుమారి వీధి మలుపు దగ్గర స్కూటీ తిప్పుకుంటూ వెనక్కి చూసింది. ఐదో ఇంటి గడప ముందు కోటిరత్నం నిలబడి తలుపు కొడుతోంది. రెండడుగులు వెనకగా, కార్డుల సంచి భుజానికి తగిలించుకుని, నాంచారమ్మ.